ఫోటో బాగా వచ్చింది, అత్తమ్మే పోయింది

మా అత్తమ్మను నేను చంపింది ఒక్కసారే. అదీ కావాలని కాదు, ఫోటో బాగా రావాలని.

ఈ సంగతిని మా ఆడబిడ్డ నర్సమ్మ వదిన నోట విన్నవాళ్లు ముందు దాన్ని బుర్రలోంచి దులిపేసుకుని కూర్చోండి. అలంపూర్‌లో ఉండే ఆ మహాతల్లి పెళ్లిళ్లలో, తద్దినాల్లో, చివరకు బస్సులో పక్క సీటు మనిషికి కూడా ఈ కథ చెబుతుంది. ఆమె కథలో నేనొక త్యాగమూర్తిని. అత్తను కాకి తన్నిందట. కీడు తప్పించడానికి కోడలు నలుగురి మాటలకూ వెరవక గొప్ప ఉపాయం పన్నిందట. అత్త ప్రాణం నిలబెట్టిందట. వినేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. నాకు కడుపు మండుతుంది. ఉపాయమూ లేదు, త్యాగమూ లేదు. ఆ రోజు నాకున్న బాధ ఒక్కటే: దండకు వెలుతురు చాలలేదు.

నన్ను మెచ్చుకోవడానికి వేరే కారణాలు బోలెడున్నాయి. వాటన్నిటినీ వదిలేసి, చేయని మంచిపనికి మెచ్చుకుంటే ఊరుకునే మనిషిని కాను నేను. అందుకే అసలు సంగతి చెబుతున్నాను, వినండి.

మాది గద్వాల. ఇంటి చుట్టూ మగ్గాలే. చీర దిగిన తర్వాత మిగిలే పట్టుదారం తుంపులను తెచ్చుకుని, బంతిపూలలాగా, మల్లెమొగ్గలలాగా చుట్టి దండలు కడతాను. పెళ్లిళ్లకు, సన్మానాలకు. అవి వాడవు, రాలవు. "వాడవు, రాలవు, అమ్ముడుపోవు. మూడు గుణాలు," అంటాడు మా ఆయన తిమ్మప్ప. ఆయనకు మోటారు విడిభాగాల దుకాణం ఉంది. పట్టు గురించి ఆయనకు తెలిసింది, నాకు మోటార్ల గురించి తెలిసినంత.

అమ్ముడుపోకపోవడం దండల తప్పు కాదు, ఫోటోల తప్పు. ఆడలేక మద్దెల ఓడన్నదట ఒకావిడ. నేను ఆమెకు అక్కను. తీయలేక ఫోనుది తప్పన్నాను, ఎండది తప్పన్నాను, చివరకు గోడది కూడా తప్పన్నాను. ఎర్ర దండ ఫోటోలో మిరపతొక్కులా వచ్చేది. పసుపు దండ అసలు వచ్చేదే కాదు, గోడలో కలిసిపోయేది. వనపర్తి కాలేజీలో నాతో కలిసి చదివిన రజియా నా దండలను పెళ్లివాళ్లకు చూపించి బేరాలు కుదురుస్తుంది. ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసింది.

"సుశీలా, దండ ఫోటో పంపమంటే ఎండిన తోటకూర కట్ట పంపినవేందే?"

"అది దండే. ఎరుపు, బంగారు రంగు."

"నీకు కనపడ్తది. పెండ్లివాళ్లకు కనపడొద్దా? సాయంత్రం దాక చూస్తరట. మంచి ఫోటో రాకుంటే హైదరాబాద్‌ల కొనుక్కుంటరట. జర నా ఇజ్జత్ కాపాడు. చెప్తున్న, విను. కిటికీ కాడ పెట్టు. వెలుతురు పక్క నుంచి రావాలె. దండ వేలాడాలె, పండుకోబెట్టొద్దు. వెనక నల్లగ ఉండాలె. సమజైందా?"

సమజైంది. కానీ మా ఇంట్లో మంచి కిటికీ ఒక్కటే. అది మా అత్తమ్మ మంచం పక్కన ఉంది. ఆ మంచం మీద మా అత్తమ్మ చావడానికి సిద్ధంగా పడుకుని ఉంది.

కంగారు పడకండి, రోగం కాదు. కాకి.

కొన్నాళ్ల కిందట మా అత్తమ్మ జోగులమ్మ మిద్దె మీద వడియాలు ఎండబెడుతుంటే కాకి వచ్చి తల మీద తన్నిపోయింది. ఆమె మెట్లు దిగి వచ్చి, దేవుడి ముందు కూర్చుని, "అమాస దాటను నేను" అని ప్రకటించింది.

"వడియం కోసం వచ్చింది అత్తమ్మా. నీ తల అడ్డం ఉండె," అన్నాను.

"అడ్డం ఉంటే తంతదా? యముడు పంపిండు దాన్ని."

"యమునికి దున్నపోతు ఉంది గద, కాకితో ఏం పని?"

"ఎగతాళి జెయ్యకు సుశీలమ్మా. మనోళ్లకు కబురు పంపు, జోగులమ్మ పోయింది అని. నిజమనుకొని ఏడ్వాలె. ఏడిస్తే కీడు ఆ కన్నీళ్లల్ల కొట్టుకపోతది. మా అత్తకు గట్లనే పంపినం. ఆ తర్వాత ఇరవై ఏండ్లు బతికి నా పాణం తీసింది."

"దొంగ కబురు పంపమంటవా? నేను బీఏ చదివిన అత్తమ్మా. గిసొంటివి నేను నమ్మను."

"బీయే చదివినోళ్లను కాకి తన్నదా?"

"తన్నినా చావరు."

అప్పుడు ఆ మాట భలే అన్నాననుకున్నాను. కానీ మా అత్తమ్మ నాతో వాదించడం మానేసి, తినడం మానేసింది. రొట్టె తుంచితే ముక్క నోట్లోకి పోదు. అంబలి గ్లాసు చేతిలోనే చల్లారిపోతుంది. దుప్పటి ముఖం మీదికి లాక్కుని, గోడ వైపు తిరిగి పడుకుంటుంది. ఎప్పుడూ నన్ను సాధించే నోరు మూతపడితే ఇల్లు శుభ్రం చేసినట్టు ఉంటుందనుకున్నాను కానీ, ఊడ్చిన పాడుబడ్డ ఇల్లులా అయింది. దవాఖానకు తీసుకెళ్తే డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "ఒంట్ల ఏం లేదమ్మా. బుగులు పట్టింది. గుండె పాతది. భయపెట్టే మాట ఒక్కటి కూడ చెవిన పడనియ్యకండి."

ఆ మాట నా చెవిలో మేకులా దిగింది. అప్పటి నుంచి గిన్నె కింద పడ్డా ముందు నా గుండె ఆగేది.

ఇప్పుడు ఆ కిటికీ దగ్గరికి దండ పట్టుకుని వెళ్లాలి.

ముందు వేరే చోట్ల చూడకపోలేదు. దండను మేకుకు తగిలిస్తే ఆరేసిన పేగులా ఉంది. ఇత్తడి బిందెకు చుడితే, దండ కంటే బిందెలో నా ముఖమే బాగా కనిపించింది, అదీ బెండకాయలా సాగి. మా ఆయనను దుకాణానికి పోకుండా ఆపి మెడలో వేశాను.

"నవ్వు."

"ఎందుకు నవ్వాలె? కట్టింది నువ్వు, మోస్తున్నది నేను."

"పోనీ గంభీరంగ ఉండు."

ఫోటోలో ఆయన సర్పంచ్ ఎన్నికల్లో ఓడిపోయి, దండ మాత్రం ముందే కొనుక్కున్న మనిషిలా వచ్చాడు. పోనీ తలకాయ తీసేసి మెడ కింద భాగం చూద్దామంటే, చొక్కా మీద గ్రీజు మరక. ఆయన దండ తీసి నా చేతిలో పెట్టి, దుకాణానికి పోయాడు.

వేలాడాలి, వెనక నల్లగా ఉండాలి. ఇల్లంతా వెతికాను. నల్లగా ఉన్నది పెనం ఒక్కటే. అప్పుడు నా చూపు గోడ మీది పటం మీద పడింది.

అది మా అత్తమ్మ పటం. మా మరిది గోపాల్ నాగర్‌కర్నూల్లో ఉంటాడు. తల్లి మీద ప్రేమతో ఏదో పెళ్లిలో తీసిన ఫోటోను పెద్దది చేయించి అద్దం కట్టించాడు. అసలు ఫోటోలో అత్తమ్మ వెనక ఒక బర్రె ఉండేది. స్టూడియో అతను బర్రెను తీసేసి ఆ చోటంతా నల్లరంగు నింపాడు. ఎంత నలుపంటే, అమావాస్య కూడా వచ్చి అప్పు అడగాల్సిందే. వెడల్పు పటం, పైన రెండు మూలలు, దండ వేలాడడానికి కొలిచి చేసినట్టున్నాయి. ముఖం తర్వాత కోసేస్తే సరి, కింద నలుపు మీద ఎర్ర దండ దగదగలాడుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. కోడలు చేస్తే తప్పేంటి?

అమ్మల్లారా, అక్కల్లారా, ఆగి నన్ను తిట్టండి, ఫరవాలేదు. బతికున్న మనిషి పటానికి దండ వేయకూడదని నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ క్షణంలో నాకు అది పటం కాదు, నల్లటి గుడ్డ. దండ కట్టేవాళ్లకు దండే కనిపిస్తుంది, దాని వెనక ఉన్న తలకాయ కనిపించదు.

పటం చంకలో, దండ భుజాన, ఫోను నోట్లో కరుచుకుని, నా ఇంట్లో నేనే దొంగలా అడుగులో అడుగు వేసుకుంటూ అత్తమ్మ గదిలోకి వెళ్లాను. ఆమె ముఖం నిండా దుప్పటి కప్పుకుని ఉంది. పటాన్ని కిటికీ పక్కన వాలుగా నిలబెట్టి దండ వేశాను. ఆ నిశ్శబ్దంలో దండలోని పట్టు మల్లెలు గాజుల్లా గలగలలాడాయి. పట్టు దండ గలగలలాడదని మీరంటారు. ఆ రోజు ఆడింది.

కిటికీ వైపు వెలుతురు బాగుంది, రెండో వైపు చీకటి. కరెంటు లేదు. ఏం చేయాలి? ఒక దీపం వెలిగించి ఆ వైపు పెట్టాను. బంగారు రంగు దారం భగ్గుమంది. కానీ అద్దం మీద దీపం మెరుపు సూదిలా పొడుస్తోంది. ఒక వీడియోలో వాళ్లు పొగ వదిలి వెలుతురును మెత్తబరచడం చూశాను. పొగ ఎక్కడిది? ఊదుబత్తి ఉంది కదా.

చూశారా నా తెలివి? పటం, దండ, దీపం, ఊదుబత్తి. ఒక్కొక్కటీ వెలుతురు శాస్త్రం ప్రకారమే. అన్నీ కలిస్తే మాత్రం పెద్దకర్మ.

ఫోను ఎత్తాను. ఒకటి తీశాను. రెండోది తీశాను. నా జన్మలో అంత మంచి ఫోటో తీయలేదు. ప్రతి రేకూ విడివిడిగా, తాకితే వేలికి తగిలేలా. మూడోదానికి వంగానో లేదో, దుప్పటి కింది నుంచి గొంతు వచ్చింది.

"ఊదుబత్తి వాసన వస్తుందేందే?"

ఫోను చేతిలోంచి జారి ఒళ్లో పడింది. "దేవునికి... దేవునికి పెట్టిన అత్తమ్మా."

"దేవుడు ఆ మూలకు ఉన్నడు గద. దీపం కిటికీ కాడ పెట్టినవేందే?"

"గాలి... గాలికి."

"గాలికి దీపం పెడ్తరా?"

దుప్పటి కదిలితే, ఆమె ఇటు తిరిగితే, తన పటానికి దండ, దీపం, పొగ చూస్తే ఇంకేమన్నా ఉందా? పాత గుండె. భయపెట్టే మాట ఒక్కటి కూడా వద్దన్నది డాక్టరమ్మ. నేనేమో మాట కాదు, ఏకంగా బొమ్మ గీసి చూపిస్తున్నాను.

దుప్పటి కదలలేదు. దీపం ఆర్పి, ఊదుబత్తి నలిపి, దండ తీసి, పటాన్ని మళ్లీ మేకుకు తగిలించాను. అంతా ఊపిరి బిగబట్టే. ముఖం కోసేయడం తర్వాత చూద్దాం, ముందు వెలుతురు ఎట్లుందో చెప్పమందామని ఫోటో ఉన్నది ఉన్నట్టు రజియాకు పంపాను. అంతలో వంటింట్లోంచి పాలు పొంగిన వాసన. ఫోను కిటికీలో పెట్టి పరుగెత్తాను.

పొయ్యి తుడిచి, గిన్నె కడిగి వచ్చేసరికి కిటికీలో ఫోను పిచ్చిపట్టిన తేనెటీగలా తిరుగుతోంది. రజియా అనుకుని తీశాను. రజియా కాదు. మా కుటుంబం గ్రూపు.

గ్రూపులో ఫోటో ఉంది. నల్లటి నలుపు మీద ఎర్ర దండ, పక్కన దీపం, సన్నటి పొగ, మధ్యలో మా అత్తమ్మ. ఆ చక్కటి వెలుతురులో ఆమె ముఖం నిజంగానే ఈ లోకానిది కాదన్నట్టు వెలిగిపోతోంది.

దాని కింద గోపాల్: "అమ్మా!" దాని కింద ఎవరో దూరపు బాబాయి: "ఓం శాంతి." దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, ఏడుపు బొమ్మలు, ఎవరో తొందరలో పెట్టిన పుట్టినరోజు కేకు బొమ్మ ఒకటి.

చావు కబురు చల్లగా చెప్పాలంటారు. నేను రంగుల్లో చెప్పాను.

గబగబా ఫోటోను గ్రూపులోంచి తీసేశాను. దాంతో ఇంకా చెడింది. గోపాల్ వెంటనే రాశాడు: "ఎందుకు తీసినవ్ వదినా? నాయిన పోయిననాడు గూడ గిట్లనే దాచిండ్రు." పొద్దుట నుంచి ఫోటోలు తీసీ తీసీ ఫోను బ్యాటరీ ఆఖరి శ్వాస మీద ఉంది. వేళ్లు తడబడుతుండగా రాసి పంపాను: "అత్తమ్మకు ఏం కాలేదు. కంగారు పడకండి." ఫోను ఆగిపోయింది.

పంపాక తెలిసింది ఎంత పని చేశానో. మా వైపు చావు కబురు ఎవరూ ముఖాన చెప్పరు. మనిషి మంచాన పడితే "జర పాణం బాగలేదు" అంటారు. మనిషి పోతేనే "ఏం కాలేదు, కంగారు పడకండి, నిమ్మళంగ రాండ్రి" అంటారు. పుట్టి బుద్ధెరిగిన ప్రతి ఒక్కరికీ ఆ మాట అర్థం తెలుసు. బీఏ చదివిన నేను చేత్తో రాసి మరీ ముద్ర వేశాను.

అత్తమ్మ వైపు చూశాను. దుప్పటి కదలడం లేదు. ఛాతీ దగ్గర చూశాను. అక్కడా కదలడం లేదు. ఫోటో తీస్తే మనిషి ఆయుష్షు తగ్గుతుందని పాతకాలం వాళ్లు అనేవారు, నేను పగలబడి నవ్వేదాన్ని. దేవుడా, నవ్వినందుకు లెంపలేసుకుంటున్నా. అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలి కంట నీరొచ్చిందట. నాకు ఆమె పోయిందో లేదో తేలకముందే బొటబొటా కారాయి. దుప్పటి అంచు మెల్లగా ఎత్తి, ముక్కు కింద వేలు పెట్టాను.

"ముక్కుల వేలు పెడ్తవేందే? పిచ్చిగిట్ల లేసిందా?"

"ఈగ... ఈగ అత్తమ్మా."

"ఈగను తోలు. నన్ను పొడువకు," అని మళ్లీ ముసుగు తన్నింది. బతికే ఉంది. ఇక ఆమె చెవిన ఈ సంగతి పడకుండా చూడాలి. ఆ ఒక్కటి చేస్తే చాలు.

వీధిలో ఆటో ఆగిన చప్పుడు. అందులో ఇనుప గొట్టాలు, టెంటు గుడ్డలు, కుర్చీలు. వాటి మధ్య మా ఆయన, చేతిలో పూలదండ, కళ్లు చింతనిప్పులు.

"అమ్మా..." అని గొంతెత్తబోయాడు. నేను ఎగిరి నోరు మూశాను.

"మెల్లగ! అత్తమ్మ వింటది!"

ఆయన నా వేళ్ల సందులోంచి, "ఎట్ల వింటదే ఇంక?" అని వెక్కాడు. "నాకు చెప్పకుండ గ్రూపుల పెడ్తవా? కొడుకును గాదా నేను?"

"పోలేదయ్యా! అది దండ ఫోటో! బతికే ఉంది, పండుకుంది."

"నువ్వు నాకు ధైర్యం చెప్పొద్దు సుశీలా..."

"నీకు ధైర్యం చెప్పుడు నా చేతగాదు, పోయి సూడు!"

తలుపు సందులోంచి చూశాడు. సరిగ్గా అప్పుడే అత్తమ్మ గురక పెట్టింది. ఆయన వసారాలో కూలబడి, తెచ్చిన పూలదండలో ముఖం పెట్టుకుని మళ్లీ ఏడ్చాడు, ఈసారి సంతోషంతో. ఈలోగా టెంటు మనిషి గుంజ పాతడం మొదలుపెట్టాడు.

"అన్నా, పాతకు. ముసలమ్మ పోలేదు," అన్నాను.

అతను ఒక కన్ను మూసి నన్ను చూశాడు. "పోయిందా లేదా, ఒక్క మాట చెప్పమ్మా. ఇంకోకాడ పెండ్లి ఉంది నాకు."

మా ఆయన ఫోనుతో నర్సమ్మ వదినకు చేశాను. బస్సు చప్పుడులో ఆమె ఏడుపు, ఆమె ఏడుపులో బస్సు చప్పుడు.

"వదినా, అత్తమ్మ మంచిగుంది!"

"ఊకో సుశీలా. నాకు తెల్వదా? చిన్నపిల్లనా? బస్సెక్కిన. వస్తున్న. నేను వచ్చేదాక ఎత్తకుండ్రి!"

"నిజంగ వదినా! కావాలంటే ముఖం చూపిస్త, చూడు!"

లేపితే ఎందుకు లేపావంటుంది, ఎందుకంటే ఏం చెప్పాలి? అందుకని లేపకుండా, మెల్లగా దుప్పటి దించి, వీడియో పెట్టి ఫోను అత్తమ్మ ముఖం మీదికి తిప్పాను. కళ్లు మూసుకుని, నోరు కొంచెం తెరిచి, పక్కన ఊదుబత్తి బూడిద. అవతలి నుంచి వచ్చిన కేకకు డ్రైవరు బస్సు ఆపాడని తర్వాత తెలిసింది. గోపాల్‌కు అయితే ఫోన్ చేసే ధైర్యమే చేయలేదు. నేను ఎంత నిజం చెబితే మా అత్తమ్మ అంత గట్టిగా చచ్చిపోతోంది.

ఇక మిగిలింది కాపలా. గది తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని టెంటు కుర్చీల్లో కూర్చుంటున్నారు. పొమ్మని సైగ చేస్తే, దుఃఖంలో చేతులు ఊపుతోందనుకుని వాళ్లూ ఊపుతున్నారు. ప్రతి కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా నా గుండె ఒక మెట్టు దిగుతోంది.

వదిన వచ్చింది. మూల తిరగకముందే శోకం వినిపించింది.

"ఓ అమ్మో, నన్ను కన్న అమ్మో! ఎట్ల ఇడిసిపోతివే! మొన్న మాట్లాడితే రొట్టె సైస్తలేదంటివి, ఎందుకు సైస్తలేదో అడగకపోతినే! కోడలు సూస్తదనుకుంటినే, కోడలు ఫోటోలు దీసుకుంటుండెనే!"

చావు ఏడుపులో కూడా నాకు ఒక పోటు. నేను పరుగెత్తి తలుపుకు అడ్డంగా చేతులు చాపాను.

"వదినా, నీ కాళ్లు మొక్కుతా, గొంతు దించు. అత్తమ్మ వింటది, పాణం పోతది!"

"పోయిన పాణం మళ్ల పోతదా? జరుగు! తల్లి ముఖం సూడనియ్యవా?"

"సూపిస్త, ముందు నిమ్మళించు!"

"జరుగుమంటున్ననా!"

నేను తోస్తున్నాను, ఆమె తోస్తోంది, మా ఆయన ఇద్దరినీ తోస్తున్నాడు. మా వెనక తలుపు తెరుచుకుంది.

మా అత్తమ్మ దుప్పటి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

వదిన గొంతులో శోకం సగంలో తెగిపోయింది. వీధిలో ఒక కుర్చీ వెనక్కి పడింది, దాంట్లో మనిషి లేచి పారిపోయింది. అత్తమ్మ టెంటును చూసింది. కుర్చీలను చూసింది. కొడుకు చేతిలోని దండను చూసింది. ఉబ్బిన కూతురి కళ్లను చూసింది. ఆఖర్న నన్ను చూసింది.

"ఎవరు సచ్చిండ్రే?"

డాక్టరమ్మ మాట చెవిలో మోగుతోంది. కానీ అబద్ధం ఒక్కటీ దొరకలేదు. నాకు, వాదించడానికి పుట్టిన నాకు, ఒక్క అబద్ధం దొరకలేదు.

"నువ్వే అత్తమ్మా," అన్నాను.

ఆమె చేయి మెల్లగా లేచింది. గుండె మీదికి పోతోందనుకుని పట్టుకోవడానికి ముందుకు ఉరికాను. చేయి గుండె దగ్గర ఆగలేదు. పైకి పోయి, నడినెత్తిన కాకి తన్నిన చోట తడుముకుంది.

"నర్సమ్మా, నిజంగ ఏడ్సినవా?"

"దారెంట ఏడుస్తనే వచ్చిన అమ్మా!" అని వదిన ఆమె మీద పడి మళ్లీ మొదలుపెట్టింది.

"గోపాల్?"

మా ఆయన ఫోన్ కలిపి తల్లి చెవి దగ్గర పెట్టాడు. గోపాల్ దారిలో ఉన్నాడు. తల్లి గొంతు విని చిన్నపిల్లాడిలా వెక్కుతుంటే వీధిలో వాళ్లకు కూడా వినిపించింది. అత్తమ్మ చాలాసేపు వింది, మంచి వాన చప్పుడు విన్నట్టు. ఫోను తిరిగి ఇచ్చేసి, నా వైపు తిరిగింది.

"సుశీలమ్మా, రొట్టె జెయ్. ఆకలైతుంది. పప్పుల కారం ఎక్కువెయ్, మొన్న చప్పగ జేసినవ్."

నాలుగు జొన్నరొట్టెలు తింది. నేను చేస్తుంటే ఏడుపాగలేదు. పొగ అని చెప్పాను. అమావాస్య వచ్చింది, పోయింది, దాని వెనక ఎన్నో అమావాస్యలు పోయాయి. మా అత్తమ్మ ఇప్పటికీ మిద్దె మీద వడియాలు పెడుతోంది, కాకులను పేరు పెట్టి తిడుతోంది, నన్ను పేరు పెట్టకుండా తిడుతోంది.

అది సంతోషమే. కానీ ఆ రోజు రొట్టెల దగ్గర వదిన నా గడ్డం పట్టుకుని అన్న మాట చూడండి: "పైకి గట్ల కసురుతవ్ గని, అత్త కోసం దొంగ కబురు పంపినవ్ సూడు, నీ మనసు వెన్న సుశీలా!" నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను, కబురు కాదు, దండ ఫోటో అని. "అవ్ అవ్, చెప్పుకుంటే ఫలం పోతదని దాస్తుంది," అన్నారు అందరూ. అంతే. కాకి మీద వాదనలో నేను ఓడిపోయాను, పైగా గెలిపించింది కూడా నేనేనని దండ వేశారు.

కరెంటు వచ్చి ఫోను లేచాక రజియా జవాబు కనిపించింది: "మాషాల్లా, ఏం వెలుతురే! దండ ఖరారైంది. జర చెప్పు, ఆ పెద్దమ్మ ఎవరు, ఎప్పుడు పోయింది పాపం?"

అందుకే పట్టుదండ మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక నా జన్మలో బతికున్న మనిషి పటానికి దండ వేయను. వేసినా దీపం పెట్టను. పెట్టినా ఊదుబత్తి వెలిగించను. వెలిగించినా ఫోనును కిటికీలో వదిలి పాల కోసం పరుగెత్తను. పాలు పొంగితే పొంగనీ, గంగలో కలవనీ.

ఎందుకంటే ఫోటో నేను పంపింది రజియా ఒక్కదానికే. ఇది నాకు రూఢిగా తెలుసు. గ్రూపులోకి ఎట్లా పోయిందని అడిగితే మా అత్తమ్మ, "నాకేం తెల్సు బిడ్డా, ఆకుపచ్చ బొమ్మ ఒత్తితే గోపాల్ వస్తడు, అంతవరకే తెల్సు," అని గోడ వైపు తిరుగుతుంది. సరే, నమ్ముతాను. నా వేలే జారిందనుకుంటాను. ఒక్కదానికి మాత్రం జవాబు చెప్పు అత్తమ్మా: నిండా ముసుగు తన్ని పడుకున్నదానివి, ఊదుబత్తి అంటే వాసన వచ్చిందనుకుందాం, దీపం కిటికీ కాడ ఉందని నీకెట్లా తెలిసింది?